ఒక తల్లి వ్రాత, మరియొక తల్లికి ధైర్యము



కర్నూలు జిల్లా కోసిగి, ఆదోని ప్రాంతములలో వానలు తప్పిన యేట మన తల్లులనేకులు సుగ్గికి పోవుదురు. తల్లి గుంటూరు సీమలో మిరపకాయలు కోయుచుండగా బిడ్డ ఊరిలో అవ్వయొద్ద నుండును. "నేను మంచి తల్లినేనా?" అను ప్రశ్న ఆమెను నిద్రపోనియ్యదు.

అట్టి తల్లి యొకతె తన బాధను ఉన్నదున్నట్లు వ్రాయగా, స్త్రీల కూడికలో దానిని చదివినందున మేలేమి? కూలి పెరగదు, వాన కురియదు. అయినను "నావంటి తల్లి మరియొకతె యున్నది" అని తెలిసినప్పుడు గుండె బరువు తగ్గును.

పండ్రెండేండ్ల యేసు సమూహములో నున్నాడనుకొని మరియ యోసేపులు ఒక దినప్రయాణము సాగిపోయిరి. మూడు దినములైన తరువాత ఆయనను దేవాలయములో కనుగొనిరి. ఆ తల్లి పడిన దుఃఖమును లూకా దాచక వ్రాసెను. అది నేటికిని మనలను ఓదార్చుచున్నది.

అయితే ఒకరి పొరపాటు మరియొకరికి సాకు కారాదు. మరియ దుఃఖించి ఊరకుండలేదు. వెనుకకు తిరిగి వెదకెను. మనమును రాత్రి ఫోనులోనైనను బిడ్డను పలుకరింతము. మన కష్టమును వ్రాయుదము. వ్రాయనేరనివారు చదువుకొనినవారిచేత వ్రాయింతురు గాక. బిడ్డకు అవమానము కలిగించు సంగతి మాత్రము వ్రాయకుందము.

తల్లుల కన్నీరెరిగిన ప్రభువు మన గృహములను కాపాడును గాక. ఆమేన్.