పూర్వపక్షం వినని సభ

శంకరుల నుంచి రామానుజుల దాకా మన భాష్యకారులు ఎదుటివాడి వాదాన్ని ముందు పూర్తిగా చెప్పాకే సిద్ధాంతానికి వచ్చారు. శాసనసభలో ఆ పూర్వపక్షానికి చోటు సెలెక్ట్ కమిటీ. బిల్లును సెక్షన్ల వారీగా విప్పి, దాని దెబ్బ తగిలేవారిని పిలిచి వినాల్సింది అక్కడే. 2019 నాటి తెలంగాణ మున్సిపాలిటీల చట్టం జూలై 18న బిల్లుగా సభకొచ్చి, కమిటీ దాకా వెళ్లకుండానే 19న ఆమోదం పొందింది. 75 గజాల్లోపు ఇంటికి అనుమతి అక్కర్లేదన్న మేలు అందులో ఉంది. అయినా మంచి ఫలితం వినకపోవడాన్ని ధర్మం చేయదు.

మెజారిటీ ఉండగా ఆలస్యమెందుకంటారు. నిర్ణయించే హక్కు మెజారిటీదే, కానీ వినే బాధ్యత దాంతో తీరిపోదు. కమిటీలు బిల్లులను పాతరేస్తాయన్న అభ్యంతరం మాత్రం బరువైనదే: 2020లో ఆంధ్రప్రదేశ్ మండలి ఛైర్మన్ రాజధాని బిల్లులను సెలెక్ట్ కమిటీకి పంపితే, ఆ కమిటీయే ఏర్పడలేదు. దానికి మందు గడువు పెట్టడం. ముఖ్యమైన బిల్లులను కమిటీకి పంపడం సభ ఇష్టానికి వదలకుండా తప్పనిసరి చేయాలి.