ఖాళీ వీధి మీద మోజు

వెర్నర్ హెల్ట్ బొమ్మలంటే నాకు ఇష్టం. ఈమధ్య ఆ ఇష్టాన్నే కాస్త అనుమానంగా చూసుకుంటున్నాను.

బెర్లిన్‌లో పుట్టిన ఈ చిత్రకారుడు రెండో ప్రపంచయుద్ధం ముగిశాక ‘సముద్రతీరాన బెర్లిన్’ పేరుతో వరసగా బొమ్మలు వేశాడు. ఆ ఊరికి సముద్రం వంద కిలోమీటర్ల పైమాటే. అయినా ఆయన తైలచిత్రాల్లో ఇళ్ల మధ్యకు నీళ్లు వచ్చేస్తాయి, ఇసుక మేట వేస్తుంది. గోడలు బూడిదరంగు. కిటికీలు రెక్కల్లేని నల్లటి చదరాలు. బాగా తెలిసిన వీధే కలలో జనం లేకుండా ఎదురైనట్టు ఉంటుంది.

చూడగానే నాకు కలిగేది దుఃఖం కాదు, హాయి. చిక్కంతా అక్కడే.

నేను నలుగురిలో కలవలేని మనిషిని. లిఫ్టులో పక్క ఫ్లాటువాళ్లు ఉంటే, ఫోనులో ఏదో చూసుకుంటున్నట్టు నటించి, లిఫ్టు మళ్లీ వచ్చేదాకా ఆగుతాను. హిట్లర్ అధికారానికొచ్చిన రోజుల్లో హెల్ట్ ‘సున్నాల ఊరేగింపు’ అని ఒక బొగ్గుబొమ్మ గీశాడు. అందులో మనుషులకు బదులు సున్నాలే. దాన్ని అడ్డం పెట్టుకుని నా ముభావానికి గొప్పతనం అంటగట్టుకుంటూ వచ్చాను. కానీ ఆయనకు వెరపు పుట్టించింది ఒకే అడుగు వేసే గుంపు. నేను తప్పించుకునేది కుశలమడిగే పొరుగింటావిణ్ని.

పైగా అసలు వీధి ఖాళీగా లేదు. యుద్ధం అయ్యేసరికి బెర్లిన్‌లో పోగుపడ్డ శిథిలాలు సుమారు 7.5 కోట్ల ఘనపు మీటర్లు. ఆడవాళ్లు తలగుడ్డలు కట్టుకుని బారుగా నిలబడి బకెట్లు చేతులు మార్చారు, ఇటుకలకంటిన సున్నం సుత్తులతో రాల్చారు. నన్ను మురిపించిన బొమ్మల్లో వాళ్లు లేరు. లేరన్న సంగతే నాకు తట్టలేదు.

హెల్ట్‌దే 1945 నాటి చిత్రం ఒకటుంది: కిటికీ దగ్గర చచ్చిన పిట్ట, బయట కూలిన ఇళ్లు. అక్కడ లెక్క తేలింది. కిటికీ ఉందంటే ఇవతల గది ఉంది, గదిలో చూసేవాడున్నాడు. ఆ చోటు నాది. అందరూ పోయినా నేను మిగిలానన్న భరోసాయే నా హాయికి మూలం. ఏకాంతం కావాలంటే తలుపు వేసుకుంటే చాలు, ఊరు ఖాళీ కానక్కర్లేదు.

హెల్ట్‌కు ఆ వీధి మీద హక్కుంది, కూలిన ఊరు ఆయనది. నేను ఏమీ పోగొట్టుకోకుండానే ఆ ఖాళీని అనుభవిస్తున్నాను. బొమ్మల మీద ఇష్టం పోలేదు, పోవాలనీ లేదు. ఇకమీదట దాన్ని కళాభిరుచి అని మాత్రం చెప్పుకోను.