ఇష్టలింగమునకు లింగభేదము లేదు



వీరశైవుని దేవుడు ఒక ఊరికి, ఒక గుడికి కట్టుబడినవాడు కాడు. గురువు కరస్థలమున నొసగిన ఇష్టలింగము శరణుని వక్షస్థలమున నుండి, అతడు పోయిన చోటికెల్ల వచ్చును. దేహమే దేవాలయమని బసవేశ్వరుడు బోధించెను. పొట్టకూటికై సముద్రములు దాటిన లింగవంతులకు ఈ బోధ గొప్ప ఊరట. అయితే దేవుడు వెంట వచ్చినపుడు ధర్మము కూడ వెంట రావలెను గదా!

జహీరాబాదు ప్రాంతమునకు చెందిన ఒక లింగవంత దంపతుల వృత్తాంతము ఇచట ఆలోచింపదగినది. భర్త లండను నగరమున కంప్యూటరు ఉద్యోగి. భార్య అచటనే ఒక ఆసుపత్రిలో నర్సు. పెండ్లియైన మూడవ యేట ఆమె గర్భవతి యయ్యెను. తొలిచూలు. కన్నతల్లి చెంత లేదు. చలికాలమున సాయంకాలము నాలుగు గంటలకే చీకటి పడు దేశమది. వేవిళ్ళ దినములలో "ఏమి తినవలెనని యున్నది తల్లీ?" యని అడుగువారు లేరు. ఊరినుండి ఫోనులో వచ్చు ప్రశ్న మాత్రము వేరొకటి.

మన దేశమున గర్భస్థ శిశువు ఆడయో మగయో తెలుపుట 1994 నాటి చట్టముచే నిషిద్ధము. బ్రిటనులో అట్టి నిషేధము లేదు. ఇరువదవ వారము ప్రాంతమున శిశువు అవయవములు సరిగా నున్నవా యని స్కానింగు తీయుదురు. తల్లిదండ్రులు కోరినచో ఆ సంగతియు సాధారణముగా చెప్పుదురు. ఇది అత్తగారి చెవిన బడెను.

"బిడ్డా, అక్కడ అడిగిన చెప్పుదురట గదా! అడిగితివా?"

"లేదు అత్తమ్మా" అని కోడలు మాట దాటవేసెను. వారము తిరుగకమునుపే మరల అదే ప్రశ్న. మూడవమారు ఆమె "వారికిని సరిగా తెలియలేదట" అని అబద్ధమాడెను. నిజమునకు ఆడబిడ్డ యని ఆమెకు తెలియును. కడుపులో నున్న బిడ్డను అప్పుడే దాచవలసి వచ్చెనే యని ఆ రాత్రి ఆమె కంటికి నిద్ర రాలేదు. భర్త అన్నియు వినుచు, తల్లికి ఎదురాడలేక ఊరకుండెను. అత్తగారి ప్రశ్న కంటె అతని మౌనమే ఆమెను ఎక్కువగా నొప్పించెను.

ఎనిమిదవ మాసము సమీపించెను. ఆ మాసమున గర్భస్థ శిశువునకు లింగము నొసగుట వీరశైవుల ఆచారము. తల్లి దానిని బిడ్డ పేర ధరించి పూజించును; పుట్టిన పిదప అది బిడ్డకు చేరును. కోడలి పురుటికి లండను బయలుదేరుచున్న అత్తగారు ఆ లింగమునకై తమ మఠమున కేగి గురువునకు మ్రొక్కెను.

"ఎవరికమ్మా?" యని ఆయన అడిగెను.

"కోడలి కడుపులోని బిడ్డకు స్వామీ. ఏ బిడ్డయో ఇంకను తెలియలేదు."

గురువు లింగమును సంస్కరించి ఆమె చేతిలో నుంచి యిట్లనెను: "ఆడబిడ్డకు వేరొక లింగము, మగబిడ్డకు వేరొక లింగము మఠములో లేవు తల్లీ. లింగమునకు అక్కరలేని ఆ సంగతి నీకేల?"

ఆమె బదులు పలుకలేకపోయెను. లండను చేరిన మరునాడు గురువు అనుజ్ఞ ప్రకారము ఆ లింగమును కోడలికి కట్టి, నుదుట విభూతి నుంచెను. అప్పుడు కోడలు కన్నీటితో నిజము చెప్పెను. అత్తగారు కొంతసేపు మౌనముగా నుండి, "నీచేత అబద్ధమాడించిన పాపము నాది బిడ్డా" అనెను. కుమారుడు తల దించుకొని, "నాదియు" ననెను.

స్త్రీలింగము, పుంలింగము వ్యాకరణమునకు కావలెను. ఇష్టలింగమునకు అవి లేవు. మాదాంబ గర్భమున జనించిన బసవేశ్వరుడు ఉపనయనమును నిరాకరించెనని పాల్కురికి సోమనాథుని బసవపురాణము తెలుపును. అక్క నాగాంబకు లేని సంస్కారము తనకేల యని ఆయన ప్రశ్నించెనని జనశ్రుతి. కల్యాణమునందలి అనుభవమంటపమున అక్కమహాదేవి, నీలాంబిక మున్నగు శరణులు పురుషులతో సమముగా తత్త్వచర్చ చేసిరి. మగవారి పంక్తి వేరు, ఆడువారి పంక్తి వేరు అని అల్లమప్రభువు అనలేదు. కన్నపిదప ఇచ్చు సమత కాదు మన ధర్మము. కనుటకు ముందే, పేరు పెట్టుటకు ముందే లింగముతో కూడ ఇచ్చు సమత.

ఆ ధర్మము పురిటిగదిలోను నిలువవలెను. జననము, మరణము, రజస్సు, ఉచ్ఛిష్టము, జాతి అను పంచసూతకములు లింగవంతులకు లేవు. కావున బాలింత మైల పేర లింగపూజ మానవలసిన పని లేదు. కాయకమునకును ఆడుమగ భేదము లేదు. బ్రిటను చట్టము ప్రసూతి సెలవు 52 వారముల వరకు ఇచ్చుచున్నది. కాని రాత్రి ఏడ్చు బిడ్డను ఎత్తుకొనుట, అలసిన భార్యకు ఇంత గంజి కాచి యిచ్చుట ఏ చట్టమును చేయింపలేదు. అది భర్త కాయకము. దూరదేశమున తల్లియు తోబుట్టువును లేని యింట అతడే ఆ యిద్దరును కావలెను.

2015 నవంబరు 14వ తేదీన లండనులో థేమ్సు నది యొడ్డున బసవేశ్వరుని విగ్రహము ఆవిష్కరింపబడెను. మూడవ నెల నిండిన మనుమరాలిని అత్తగారే యెత్తుకొని అచటికి పోయి మ్రొక్కించెను. విగ్రహమునకు మ్రొక్కుట సులభము. కడుపుతో నున్న కోడలికి ఫోను చేసినపుడు ఆయన మాటను పాటించుటయే కష్టము. "ఏ బిడ్డ?" యని కాక, "ఎట్లున్నావు తల్లీ?" యని అడిగిన యిల్లే కల్యాణము.