గోకులం నుంచి బృందావనానికి: ఇల్లు మారేటప్పుడు ఏం చూడాలి?



హైదరాబాద్ నుంచి గుంటూరుకి మారుతున్నాం. పాపకి నాలుగేళ్లు. బ్రాడీపేట, లక్ష్మీపురం, బృందావన్ గార్డెన్స్ అన్నీ తిరిగాం. స్కూల్ దగ్గరేనా, నీళ్లొస్తాయా, మిర్చి యార్డ్ ఘాటు తగులుతుందా... ఇదే మా లిస్టు.

ఒక ఓనరు గారు "మీరేమిట్లు?" అని అడిగి, "భయం లేదు బాబూ, చుట్టూ అంతా మనవాళ్లే" అన్నారు. నిజం చెప్పాలంటే, ఆ క్షణం హాయిగానే అనిపించింది. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

భాగవతం దశమ స్కంధంలోనూ ఇదే సమస్య. పూతన, తృణావర్తుడు, కూలిన మద్దిచెట్లు... ఇక్కడ పిల్లలకి క్షేమం కాదని ఉపనందుడు చెబితే, గోపకులంతా బృందావనానికి బండ్లు కట్టారు. కాబట్టి పిల్లల కోసం మంచి చోటు వెతకడం తప్పు కాదు. కానీ వత్సాసురుడు, బకాసురుడు అక్కడికీ వచ్చారు! పూర్తి భద్రత ఏ కాలనీలోనూ దొరకదు.

"వాళ్లంతా ఒకే కులం కదా" అంది మా ఆవిడ. నిజమే. కానీ పూతన కూలినప్పుడు గోపికలు పరిగెత్తుకొచ్చి బిడ్డని ఎత్తుకున్నారు. పక్కింటి బిడ్డ ఏడిస్తే పరిగెత్తేవాళ్లే మనవాళ్లు అనుకుంటే, ముందు నేను అలా పరిగెత్తగలనా?

ఆ ఇల్లు వద్దనుకున్నాం. లిస్టులో ఇప్పుడు ఇంకో ప్రశ్న చేరింది. అది ఓనర్‌ని కాదు, నన్ను నేను అడగాల్సింది.

జై శ్రీకృష్ణ!