గజం రేటు చెప్పని సంగతులు

విశాఖ దగ్గరి అచ్యుతాపురంలో ఇల్లు చూడ్డానికి వెళ్తే బ్రోకరు ముందుగా చెప్పేది అక్కడికి సెజ్ (ప్రత్యేక ఆర్థిక మండలి) ఎంత దూరమో. దగ్గరైతే రేటు ఎక్కువ. పైవాటా గదులు ఏనాడూ ఖాళీగా ఉండవని ఆయన లెక్క. ఆ లెక్కలో తప్పు లేదు. సెజ్‌లోని బ్రాండిక్స్ దుస్తుల పరిశ్రమలో వేలాది మంది ఆడవాళ్లు పనిచేస్తున్నారు. షిఫ్టు వదిలే వేళ బారులు తీరిన బస్సులు చూస్తే అద్దెలకు అంత గిరాకీ ఎందుకో అర్థమవుతుంది.

అయితే ఆ దగ్గరితనంలోనే మరో సంగతి కూడా ఉంది. 2022లో, జూన్‌లో ఒకసారి ఆగస్టులో మరోసారి, ఈ సెజ్‌లో విషవాయువు పీల్చి పెద్ద సంఖ్యలో మహిళా కార్మికులు ఆసుపత్రి పాలయ్యారు. 2024 ఆగస్టు 21న ఇక్కడి ఒక ఔషధ కర్మాగారంలో జరిగిన పేలుడు 17 మంది ప్రాణాలు తీసింది. రేటు పెరగడానికీ, భయపడడానికీ కారణం ఒక్కటే అయినప్పుడు ఆ రేటు దేన్ని కొలుస్తున్నట్టు?

ప్రమాదం కూడా ధరలో కలిసే ఉంటుందని కొందరంటారు. నిజమేనా? ధర కుదుర్చుకునేది కొనేవాడూ అమ్మేవాడూ. వాళ్లిద్దరూ చాలాసార్లు విశాఖలోనో హైదరాబాదులోనో ఉంటారు. ఇక్కడి గాలి పీల్చేది అద్దెకున్నవాళ్లు. బేరంలో వాళ్ల మాటకు చోటే లేనప్పుడు వాళ్ల భయం ధరలోకి ఎలా వస్తుంది?

కాగితాలు చూడాల్సిందే, అందులో సందేహం లేదు. లింకు డాక్యుమెంట్లు, ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), లేఅవుటు అనుమతి, రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల 22-ఎ జాబితా, అన్నీ. కానీ ఈసీలో కనిపించేది రిజిస్టరైన లావాదేవీలే. అన్నదమ్ముల మధ్య నోటిమాటగా జరిగిన పంపకం అందులో ఉండదు. వాస్తు చూపించుకునేవారూ ఉన్నారు. వెలుతురు ఎటు నుంచి, గాలి ఎటు నుంచి అని పట్టించుకునే శ్రద్ధ ఎవరిదైనా మంచిదే. ఆ గాలి ఏ పొగగొట్టం మీదుగా వస్తుందో కూడా అదే శ్రద్ధతో చూస్తే ఇంకా మంచిది. అందుకే రాత్రిపూట ఒకసారి వెళ్లి, పైవాటాలో ఉండే అమ్మాయిని అడగాలి: వాసన వస్తుందా, బోరు నీళ్లు తాగుతున్నారా, సైరన్ మోగితే ఎటు వెళ్లాలో ఎవరైనా చెప్పారా?

ఇంతవరకూ ఇది మన జాగ్రత్తే. అంతరాత్మ అడిగే ప్రశ్న వేరు. ఈ సెజ్ కోసం ఊళ్లు ఖాళీ చేసినవారికి దిబ్బపాలెం దగ్గర పునరావాస కాలనీ వచ్చింది. 2013 భూసేకరణ చట్టం రాకముందు, అప్పట్లో అమల్లో ఉన్న 1894 నాటి చట్టం ప్రకారం, సేకరించిన భూమిని వాడబోయే పని వల్ల దాని విలువ పెరిగే అవకాశం ఉన్నా, ఆ పెరుగుదలను పరిహారంలో లెక్కించడానికి వీలుండేది కాదు. అంటే ఫ్యాక్టరీ వస్తే పెరిగే ధరలో భూమి ఇచ్చిన రైతుకు వాటా ఉండేది కాదు. ఆ పక్కనే స్థలం కొన్నవాడికి మాత్రం అంతా దక్కుతుంది.

దీనికి కొనేవాడు దోషా? కాడనే అనుకుంటాను. చట్టం రాసింది అతడు కాదు, అతడు కొనడం మానేసినంత మాత్రాన ఎవరి పొలమూ వెనక్కి రాదు. కానీ నాలుగేళ్ల తర్వాత రేటు రెట్టింపైతే దాన్ని మన ముందుచూపు అని చెప్పుకోవడంలో ఎంత నిజముంది? రేటు పెరిగిందన్న ధీమాతోనే గదికి ఆరుగురిని పెట్టి తలకింత అని అద్దె వసూలు చేస్తే, అప్పుడు మాత్రం చట్టాన్ని సాకుగా చూపలేం.