నామమునకు నెలవైన నాలుక

కలియుగమున తరించుటకు నామసంకీర్తనమును మించిన సులభోపాయము లేదని పెద్దలు చెప్పుదురు. ఆ నామమును పలుకుటకు భగవంతుడొసగిన సాధనము నాలుక. అట్టి నాలుకపై నేడు అసభ్యపదములు నిస్సంకోచముగా వెలువడుచున్నవి. ఒకప్పుడు పెద్దల యెదుట నోటికి రాని మాట నేడు బస్సులలో, కళాశాలలలో, చలనచిత్రములలో, సెల్‌ఫోను సంభాషణలలో సామాన్యమైపోయినది. అడిగినచో, "అది ఊతపదము మాత్రమే; మనసులో చెడు తలంపు లేదు" అని సమాధానము.

ఈ సమాధానము ఎంతవరకు నిలుచునో శ్రీమద్భాగవతము షష్ఠస్కంధములోని అజామిళుని కథ తెలుపును. కన్యాకుబ్జమున నివసించిన అజామిళుడు ఆచారభ్రష్టుడై, పాపజీవనమున ముసలివాడైనాడు. అతని పదిమంది కుమారులలో కడపటివాని పేరు నారాయణుడు. మరణకాలమున యమదూతలను చూచి భయపడి, అతడు ఆ బాలునే పేరుపెట్టి పిలిచినాడు. పిలిచినది వైకుంఠనాథుని కాదు. అయినను విష్ణుదూతలు వచ్చి యమదూతల నడ్డగించిరి. ఒకరిని పిలుచుటకైనను, పరిహాసమునకైనను, పాటలో ఊతగానైనను, తిరస్కారముతోనైనను పలికిన హరినామము పాపములను హరించునని వారు వివరించిరి.

నేటి బూతుమాట తీరును గమనింపుడు. స్నేహితుని పిలుచుటకు అదియే; పరిహాసమునకు అదియే; మాటల నడుమ ఊతగా అదియే; తిరస్కారమునకును అదియే. నామము నిలువవలసిన నాలుగు చోటులను దుర్భాష ఆక్రమించినది! తలంపు లేక పలికిన నామము ఫలించునని నమ్మువారు, తలంపు లేక పలికిన దుర్భాష వలన కీడు లేదనుట న్యాయమా? నామమునకు గల మహిమ దుర్భాషకు లేదు. అది భగవంతుని సొత్తు. కాని అలవాటు మాత్రము రెండింటికిని ఒక్కటే. ముద్దుల కుమారుని నిత్యము పిలిచిన నాలుక గనుకనే ఆపత్కాలమున అజామిళునకు ఆ పేరు అందినది. బూతునకు అలవడిన నాలుకకు ఆ వేళ ఏది అందును?

మరియొక విషయము. తిట్లలో పెక్కు తల్లిని, తోబుట్టువును కించపరచునవే. జీవుని తప్పులను క్షమింపుమని స్వామికి విన్నవించునది అలమేలుమంగమ్మ. ఆమెను 'అమ్మా' అని వేడిన నోటితోనే ఇతరుని అమ్మను దూషించుట ఎంతటి అపచారము! మన ఇండ్లలో పిల్లలకు వేంకటేశ్వరుడని, శ్రీనివాసుడని పేర్లు పెట్టుదుము. కోపము వచ్చినపుడు ఆ దివ్యనామమునకే తిట్టును జోడించి పిలుతుము. బిడ్డ రెండింటిని కలిపియే నేర్చుకొనును.

పరులకు ఉద్వేగము కలిగింపక, సత్యముగను, ప్రియముగను, హితముగను పలుకుట వాక్కునకు తపస్సని గీత పదునేడవ అధ్యాయము బోధించినది. ధనుర్మాసమున తిరుమలలో సుప్రభాతమునకు బదులు వినబడు తిరుప్పావైలో, రెండవ పాశురమున గోదాదేవి వ్రతనియమములను చెప్పినది. నేయి, పాలు, కాటుక, పూలు విడుచుటతో పాటు కీడుమాటలు విడుచుటయు అందొక నియమము. ఆహారనియమము పాటించి మాటను విచ్చలవిడిగా వదలిన వ్రతము పూర్ణము కాదు.

కావున గృహస్థులు ఈ తపస్సును ఇంటనే ఆరంభింపవలెను. దుర్భాష నోటికి వచ్చినపుడు ఒక్క క్షణమాగి "గోవిందా" యనవలెను. పొరపాటున జారినచో నవ్వి దాటవేయక, విన్నవాడు పసివాడైనను, మన్నింపుమని అడుగవలెను. పెద్దలు మానిన మాటను పిల్లలు నిలుపుకొనరు. కొండ మెట్లెక్కుచు గోవిందనామము పలికిన నాలుక, కొండ దిగిన పిమ్మటయు ఆ గోవిందునిదే యని మరువకుందుము గాక!