కుదించిన వెన్నెల

కథ తెలిస్తే చాలదా, బొమ్మ కాస్త మసకయితే మునిగిపోయిందేమిటి అనే మాట ఈమధ్య తరచు వినపడుతున్నది. చదువుకున్నవారే అంటున్నారు గనుక దాన్ని ఊరికే తోసివెయ్యటానికి వీలులేదు. 1794 యుద్ధంతో చరిత్రకెక్కిన పద్మనాభంలో, కొండకింద కూర్చుని ఫోనుమీద ‘మాయాబజార్’ చూసే కూలీకీ, విశాఖపట్నంలో గోడంత తెరమీద అదే చూసే ఉద్యోగికీ అందుతున్నది ఒకే కళాఖండమా? అసలు ప్రశ్న ఇది.

నిత్యజీవితాన్ని ఉన్నదున్నట్టు చూపే చిత్రాలకు పై వాదం కొంతవరకు చెల్లుతుంది. సంభాషణ వినపడితే సగం అందినట్టే. కాని 1957లో కె.వి.రెడ్డి తీసిన మాయాబజార్ అట్లాంటిది కాదు. అందులో నగా, నడకా, మాటా, దీపమూ అన్నీ ఒక శైలికి లోబడి వున్నాయి. పడవ పాట సంగతి చూడండి. కథ అక్కడ పెద్దగా కదలదు. మార్కస్ బార్ట్లీ కెమెరాతో కల్పించిన వెన్నెల, నలుపుకూ తెలుపుకూ నడుమ మెల్లగా కరిగే ఛాయలు, ఇవే అక్కడి విషయం. వాటిని తీసేస్తే మిగిలేది పాట, పడవ.

సరిగ్గా ఆ ఛాయలనే వీడియో కుదింపు ముందుగా బలిపెడుతుంది. బొమ్మను చిన్నచిన్న గళ్ళుగా విడగొట్టి, కన్ను పట్టించుకోదనుకున్న సూక్ష్మాలను వదిలేస్తారు. ఒక ఫ్రేమును పూర్తిగా రాసి, తరవాతివాటిలో మారినంత మేరకే రాస్తారు. అవసరం లేకపోలేదు. అడ్డం 1920, నిలువు 1080 చుక్కలున్న రంగుబొమ్మను సెకనుకు 24 చొప్పున ఏమీ తగ్గించకుండా పంపితే సెకనుకు సుమారు 119 కోట్ల బిట్లవుతాయి. దాన్ని 50 లక్షల బిట్లకు కుదిస్తే సుమారు 240 పాళ్ళలో ఒక పాలు మిగులుతుంది. అంతకన్నా కుదిస్తే వెన్నెల మెట్లుమెట్లుగా విరుగుతుంది, నీటి తళుకు ముద్దకడుతుంది. మాయాశశిరేఖగా సావిత్రి ముఖంలో ఆడపిల్ల సిగ్గు తొలగి ఘటోత్కచుడి పొగరు తొంగిచూసే లిప్తపాటు వున్నదే, అది కనుబొమల్లో జరిగే పని. ఫిల్ము రేణువులతోపాటు చర్మపు మడతలు కూడా నునుపయిపోతే ఆ అభినయం పింగాణీబొమ్మ అభినయమవుతుంది. 2010లో ఈ చిత్రానికి రంగులద్దారు. తప్పో ఒప్పో, ఆ మార్పు అందరి కళ్ళకూ కనపడేదే గనుక వాదించుకోవచ్చు. ఈ కోత సంగతి, పూర్తి బొమ్మ ఎన్నడూ చూడనివాడికి తెలియనే తెలియదు.

తక్కువ నాణ్యత ఎంచుకున్నది ప్రేక్షకుడేగా అంటారు. లెక్క వేద్దాం. సెకనుకు 50 లక్షల బిట్ల చొప్పున మూడు గంటల సినిమా చూస్తే ఆరు గిగాబైట్లు దాటుతుంది. రోజుకు ఒక గిగాబైటు కొనుక్కున్నవాడికి అది అరగంటకయినా చాలదు. ఇది ఎంపిక ఎట్లా అవుతుంది?

టూరింగు టాకీసుల్లో గీతలు పడ్డ ప్రింట్లు చూసి మన పెద్దలు ఆనందించలేదా అని మరొక మాట. ఆనందించారు. అయితే ఆ గీత నేల టిక్కెట్టువాడికీ కుర్చీ టిక్కెట్టువాడికీ ఒక్కటే. కూర్చునే చోట తేడా వున్నది గాని తెరలో తేడా లేదు. ఇప్పుడు తెరే తరగతులయింది. మాయాబజార్ లోనే ప్రియదర్శిని అనే పెట్టె వున్నది. ఎవరికేది ప్రియమో వారికది చూపిస్తుంది. శశిరేఖకు అభిమన్యుడు, బలరాముడికి దుర్యోధనుడు. మన చేతిలోని పెట్టె ఎవరు ఎంత చెల్లించగలరో అంత చూపిస్తున్నది.

ఇంతమాత్రాన కుదింపును నిందించటం తెలివితక్కువ. అది లేకపోతే పద్మనాభానికి ఆ సినిమా ఫోనులో వచ్చేదే కాదు. నా తగాదా పనిముట్టుతో కాదు, ఏది పారెయ్యాలో నిర్ణయించే పద్ధతితో. ఆటల పోటీకీ, వార్తలకూ, బార్ట్లీ వెన్నెలకూ ఒకే కొలబద్ద ఎందుకు? చీకటి ఛాయలున్న చోట ఎక్కువ బిట్లు కేటాయించటం సాంకేతికంగా సాధ్యమే. బొమ్మలో ఒక్కొక్క చుక్కకు 256 మెట్లకు బదులు 1024 మెట్లుంచే పద్ధతీ వున్నది. అవి ఖర్చుతో కూడినవి గనుక వ్యాపారి తనంతట తాను చెయ్యడు. ప్రజాధనంతో నడిచే గ్రంథాలయాలయినా పాత చిత్రాల మంచి ప్రతి ఒకటి దగ్గరుంచుకుని, నెలకొక రాత్రి ఊళ్ళో తెల్లగోడమీద వెయ్యవచ్చు. ఆ రాత్రికి ఎవరి డేటా ఖర్చు కాదు.